పింఛను ఎక్కడ పుట్టింది? ఎందుకు పుట్టింది?

ఒకే జీ.వో. ఒక జిల్లాలో సాఫీగా అమలవుతుంది, పక్క జిల్లాలో మూలపడుతుంది. కారణం జీ.వో.లో లేదనీ, మరెక్కడో ఉందనీ సర్వీసు చేసిన వారెవరైనా ఇట్టే గ్రహిస్తారు. రాజనీతి శాస్త్రంలో 'తులనాత్మక రాజకీయాలు' అనే శాఖ దేశాల విషయంలో చేసే పని కూడా ఇదే.

ఇది పాత విద్యే. అరిస్టాటిల్ శిష్యబృందంతో కలిసి 158 రాజ్యాల పాలనా విధానాలను సేకరించాడని ప్రాచీనులు చెప్పారు. 1843లో జాన్ స్టూవర్ట్ మిల్ దీనికి తర్కం సమకూర్చాడు. ఫలితం ఒకటే అయినచోట ఉమ్మడి అంశమేదో చూడాలి. అన్నీ ఒకేలా ఉండి ఫలితం మారితే తేడా ఎక్కడుందో వెతకాలి.

మనకు దగ్గరైన విషయంతోనే పరీక్షిద్దాం. జర్మనీ 1889లో వృద్ధాప్య పింఛను చట్టం చేసింది. వయసు 70 ఏళ్లు. కార్మికుడూ యజమానీ చందా కట్టాలి, ప్రభుత్వం కొంత కలుపుతుంది. బ్రిటన్ చట్టం 1908లో వచ్చింది. 70 దాటిన పేదలకు వారానికి గరిష్ఠంగా 5 షిల్లింగులు, చందా లేకుండా ఖజానా నుంచి ఇచ్చారు.

పరిశ్రమలు పెరిగినందువల్లే పింఛను వచ్చిందందామా? పరిశ్రమల్లో ముందున్న బ్రిటన్ దాదాపు ఇరవై ఏళ్లు వెనుకబడింది. వ్యవసాయమే ప్రధానమైన డెన్మార్క్ 1891లో, న్యూజిలాండ్ 1898లో పింఛను ఇచ్చాయి. పోనీ, ప్రజాస్వామ్యం వల్లనా? జర్మనీలో ప్రధానమంత్రి జవాబుదారీ చక్రవర్తికే గాని చట్టసభకు కాదు.

అసలు సంగతి వేరు. బిస్మార్క్ 1878లో సోషలిస్టు సంఘాలను నిషేధించాడు. ఆపైన 1883లో అనారోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో పింఛను తెచ్చి కార్మికులను రాజ్యానికి కట్టిపడేయాలనుకున్నాడు. బ్రిటన్‌లో పరస్పర సహాయ సంఘాలు తమ చందాలకు పోటీ వస్తుందని ప్రభుత్వ పథకాన్ని చాలాకాలం వ్యతిరేకించాయి. చివరకు కార్మిక సంఘాల ఒత్తిడి, ఓటర్ల బలం పనిచేశాయి. అక్కడ పైనున్నవారి భయం, ఇక్కడ కిందివారి ఒత్తిడి. దారులు రెండు, గమ్యం ఒక్కటే.

అందుకే ఈ పద్ధతికి హద్దులున్నాయి. దేశాలు కొన్నే, కారణాలు అనేకం. సమాజ విషయాల్లో తొందరపడి తీర్పు చెప్పరాదని మిల్ కూడా హెచ్చరించాడు.

మన దేశంలోనూ ఒక పోలిక చరిత్ర సృష్టించింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైన వారికి కొత్త పింఛను లెక్క వర్తించదన్నారు. ఒకే తరగతి ఉద్యోగులను కేవలం తేదీతో విడదీయడం సమానత్వ హక్కుకు విరుద్ధమని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పింఛను దయతో ఇచ్చే దానం కాదని స్పష్టం చేసింది. ఆ రోజునే మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం.

భయంతో ఇచ్చినదాన్ని భయం తీరాక తీసేయవచ్చు. హక్కుగా పొందినదాన్ని కాపాడుకునేది సంఘటిత శక్తే. ఈ సంగతి మన పిల్లలకూ చెప్పాలి.