బొమ్మకు పెట్టిన పరీక్ష

నాలుగేళ్ల క్రితం మా పాప మొదటి పుట్టినరోజుకి వచ్చిన బహుమతుల్లో ఒక పసుపుపచ్చ బాతుబొమ్మ ఉంది. మెత్తగా ఉండి, నొక్కితే కీచుమనేది. పాప దాన్ని అందుకోవడమే ఆలస్యం, నోట్లో పెట్టుకుంది. పక్కనే కూర్చున్న మా చిన్నమ్మ మెల్లగా లాక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "గిది డీవోపీ వాసన బిడ్డా, పిల్లకియ్యకు" అంది.

డీవోపీ అంటే ఏమిటో నాకు తెలియదు. స్త్రీల ఆత్మకథల మీద డాక్టరేటు చేసిన నాకు తెలియని విషయం ఐదో తరగతి చదివిన చిన్నమ్మకు తెలుసు. ఆమె హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో తొమ్మిదేళ్లు పనిచేసింది. పిల్లల బొమ్మలు, చెప్పుల పట్టీలు చేసేవారు. తెల్లటి పొడిలో డ్రమ్ముల్లోంచి నూనెలాంటిది పోసి కలిపేవారట. ఆ నూనె పేరే డీవోపీ. అచ్చుల్లోంచి వేడివేడిగా వచ్చిన బొమ్మల అంచులు బ్లేడుతో కోసి నున్నగా చేయడం ఆడవాళ్ల పని. "గా వాసన ఇంటికొచ్చి తానం జేసినా పోయేది కాదు" అంటుంది ఇప్పటికీ.

ఆ రాత్రి మొదలుపెట్టిన చదువు చాలాకాలం సాగింది. నాది రసాయనశాస్త్రం కాదు. కానీ చట్టం కూడా ఒక పాఠమే. ఎవరి గురించి మాట్లాడుతోంది, ఎవరిని వదిలేసింది అని ఒక నవలను అడిగినట్టే చట్టాన్నీ అడగవచ్చు. అలా చదివినప్పుడు నాకు కనిపించిన చరిత్ర ఇది.

పీవీసీ అనే ప్లాస్టిక్ స్వతహాగా గట్టిది, పెళుసుది. 1926లో అమెరికాలో గుడ్రిచ్ కంపెనీలో పనిచేసే వాల్డో సెమన్ దాన్ని మెత్తబరిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ తర్వాత ఈ మెత్తబరిచే పనికి థాలేట్లు అనే రసాయనాల కుటుంబం స్థిరపడిపోయింది. వాటిలో ఎక్కువగా వాడింది డీఈహెచ్‌పీ. మన కార్ఖానాల్లో డీవోపీ అని పిలిచేది దాన్నే. మెత్తటి పీవీసీ వస్తువు బరువులో మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఈ నూనే ఉంటుంది. చిక్కేమిటంటే అది ప్లాస్టిక్‌తో రసాయనికంగా బంధం కట్టదు. పూరీకి పట్టిన నూనె కింది కాగితానికి అంటినట్టు, వేడి తగిలితేనో, కొవ్వు తగిలితేనో, పిల్ల నమిలితేనో మెల్లగా బయటికి వచ్చేస్తుంది.

ఈ సంగతి శాస్త్రానికి కొత్తది కాదు. 1970లోనే జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ జేగర్, రాబర్ట్ రూబిన్ ప్లాస్టిక్ సంచుల్లో నిలవ చేసిన రక్తంలోకి డీఈహెచ్‌పీ దిగుతోందని, ఆ రక్తం ఎక్కించుకున్న రోగుల శరీరాల్లో అది ఉందని చూపించారు. 1973లో మరో పరిశోధన అచ్చయింది. అది సోవియట్ దేశంలో కృత్రిమ తోలు, పీవీసీ ఫిల్ములు తయారుచేసే కార్మికుల మీద చేసినది. 147 మందిని పరీక్షించారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కడం, నొప్పులు, నరాల బలహీనత కనిపించాయి. పనిచేసిన ఏళ్లు పెరిగేకొద్దీ ఆ బాధలూ పెరిగాయి.

ఈ రెండు తేదీల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రోగి శరీరం గురించి 1970లో తెలుసు. కార్మికురాలి శరీరం గురించి 1973లో తెలుసు. వినియోగ వస్తువుల్లో థాలేట్లను యూరప్ మొత్తానికీ కట్టడి చేసిన నిషేధం వచ్చింది 1999 డిసెంబరులో. అదీ రోగి కోసం కాదు, కార్మికురాలి కోసం కాదు. మూడేళ్లలోపు పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల కోసం.

పిల్లల కోసం చట్టం చేయడం తప్పని నేననను. నేనూ తల్లినే. అది ఊరికే వచ్చిన చట్టమూ కాదు. 1991లో అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో థియో కోల్‌బర్న్ అనే శాస్త్రవేత్త వేర్వేరు రంగాల పరిశోధకుల్ని ఒకచోట కూర్చోబెట్టింది. మన చుట్టూ ఉన్న కొన్ని రసాయనాలు శరీరంలోని హార్మోన్ల పనిని చెడగొడుతున్నాయన్న మాట ఆ సమావేశం నుంచే గట్టిగా బయటికి వచ్చింది. ఆమె మరో ఇద్దరితో కలిసి రాసిన 'అవర్ స్టోలెన్ ఫ్యూచర్' 1996లో వచ్చింది. 1997లో గ్రీన్‌పీస్ పీవీసీ బొమ్మల మీద ఉద్యమం మొదలుపెట్టింది. యూరప్ నిషేధం మొదట మూడు నెలలకే పెట్టారు. దాన్ని మూడేసి నెలల చొప్పున పొడిగిస్తూ 2005 దాకా నెట్టుకొచ్చి, అప్పుడు శాశ్వత చట్టం చేశారు. 2007 జనవరి నుంచి డీఈహెచ్‌పీతో సహా మూడు థాలేట్లు ఏ బొమ్మలోనూ 0.1 శాతం మించకూడదు. మరో మూడింటికి నోట్లో పెట్టుకోగలిగే వస్తువుల్లో అదే హద్దు.

అమెరికాలో కథ మరోలా నడిచింది. 2000లో అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలు 289 మంది మూత్రం పరీక్షిస్తే, 20 నుంచి 40 ఏళ్ల స్త్రీలలో డీబీపీ అనే థాలేటు అవశేషాలు మిగతావారికన్నా ఎక్కువగా కనిపించాయి. డీబీపీని గోళ్లరంగులో వాడేవారు. ఇదేమిటని స్త్రీల, పర్యావరణ సంఘాలు అడిగాయి. 2002లో 72 సౌందర్య సాధనాలు కొని పరీక్ష చేయిస్తే 52లో థాలేట్లు బయటపడ్డాయి. వాటి పేర్లు సీసాల మీద లేవు. అమెరికా నిబంధనల ప్రకారం పరిమళానికి కలిపిన పదార్థాలన్నిటినీ 'సువాసన' అనే ఒక్క మాట వెనక దాచేయవచ్చు. ఒక్క పదం ఇన్ని విషయాలు దాచగలదని సాహిత్య విద్యార్థినిగా నాకు తెలియాల్సిందే. కానీ అలమరలో సీసా చూసినప్పుడు ఎప్పుడూ తట్టలేదు.

2005లో షానా స్వాన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి మూత్రంలో కొన్ని థాలేట్ల అవశేషాలు ఎక్కువగా ఉన్నచోట, పుట్టిన మగశిశువుల్లో జననాంగానికీ మలద్వారానికీ మధ్య దూరం తక్కువగా ఉందని అందులో తేలింది. మగ హార్మోను పనికి అడ్డు తగిలిందనడానికి అది గుర్తు. పత్రికలు ఉలిక్కిపడ్డాయి. 2007లో కాలిఫోర్నియా, 2008 ఆగస్టులో అమెరికా మొత్తం బొమ్మల్లో థాలేట్లను నిషేధిస్తూ చట్టాలు చేశాయి. ఆ ఏడాదే నిషేధం వెనక దిగుమతి బొమ్మల్లో సీసం రంగులు దొరికిన గొడవ కూడా ఉంది. అయినా థాలేట్ల చర్చకు ఊపిరి పోసింది మగపిల్లల అంగాల గురించిన భయమే.

2002లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆస్పత్రులకిచ్చిన సలహా చదవండి. డీఈహెచ్‌పీ ఉన్న పరికరాలకు బదులు వేరేవి ఎవరికి వాడాలో అందులో చెప్పారు: అప్పుడే పుట్టిన మగశిశువులు, యుక్తవయసుకు చేరువలో ఉన్న మగపిల్లలు, మగశిశువును కడుపులో మోస్తున్న గర్భిణులు. ఎలుకల మీద ప్రయోగాల్లో మగపిల్లల్లోనే హాని స్పష్టంగా కనిపించింది గనుక అలా రాశామనడానికి వారికి కారణం ఉంది. కానీ వాక్యం నిర్మాణం చూడండి. గర్భిణి అక్కడ తనకోసం లేదు, తను మోస్తున్న మగబిడ్డ కోసం ఉంది. మన దేశంలో ఈ సలహా పాటించాలంటే ముందు 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టాన్ని ఉల్లంఘించాలి! ఆడపిల్లల్లో ఏం జరుగుతుందో ముందే అంత శ్రద్ధగా వెతికి ఉంటే ఏం దొరికేదన్న ప్రశ్న ఆ సలహా పక్కన ఖాళీగా ఉండిపోయింది.

స్త్రీ తనకోసం తాను ఈ చరిత్రలోకి వచ్చింది సంఘటితమైనప్పుడే. కాలిఫోర్నియాలో గోళ్లరంగు వేసే దుకాణాల్లో పనిచేసేది ఎక్కువగా వియత్నాం నుంచి వలస వచ్చిన స్త్రీలు. కస్టమరు అరగంట పీల్చిన గాలిని వాళ్లు రోజంతా పీలుస్తారు. 2005లో వాళ్ల కోసం అక్కడ ఒక వేదిక ఏర్పడింది. డీబీపీ, టాలీన్, ఫార్మాల్డిహైడ్ లేని రంగులు వాడే దుకాణాలకు గుర్తింపునిచ్చే నిబంధనను శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2010లో చేసింది. చిన్న నగర నిబంధనే. కానీ అందులో మాట్లాడింది తల్లి గురించి కాదు, పనిచేసే మనిషి గురించి.

మన దగ్గరికి వద్దాం. 2010లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 24 బొమ్మలు పరీక్షిస్తే అన్నింటిలోనూ థాలేట్లు దొరికాయి. దాదాపు సగం యూరప్ హద్దును దాటాయి. 2020లో బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మ అమ్మకూడదు. ఆ ప్రమాణాల్లో థాలేట్లకూ ఒక భాగం ఉంది. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. అలా మన కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలు మిగిలాయి. పొణికి కర్ర, అంకుడు కర్ర, లక్క. వాటిని మెత్తబరచాల్సిన అవసరమే లేదు. మా పాపకొచ్చిన బాతు మీద మాత్రం ఏ గుర్తూ లేదు. చట్టం వచ్చిన తర్వాతే అది ఏదో తోపుడుబండి మీదికి చేరి, మా ఇంటికి వచ్చింది.

అదే దేశంలో 2022లో టాక్సిక్స్ లింక్ అనే సంస్థ పది రకాల శానిటరీ ప్యాడ్లు పరీక్షించింది. 'ఆర్గానిక్' అని రాసుకున్నవాటితో సహా అన్నింటిలోనూ థాలేట్లు ఉన్నాయి. బొమ్మలో థాలేటు ఎంత ఉండాలో అప్పటికే హద్దు ఉంది. ప్యాడ్లలో ఎంత ఉండాలో ఆ నాటికి హద్దు లేదు. పిల్ల నోట్లో పెట్టుకునేదాన్ని కొలిచారు. ఆ పిల్లే పన్నెండేళ్లకు ఎదిగి, నెలకు ఐదురోజుల చొప్పున దాదాపు నలభైయేళ్లు ఒంటికి ఆనించుకునేదాన్ని కొలవలేదు.

చట్టాలు బిగుస్తున్న మాట నిజమే. యూరప్‌లో 2020 జులై నుంచి నాలుగు థాలేట్లకు బొమ్మల్లోనే కాదు, చెప్పుల నుంచి టేబుల్ గుడ్డల దాకా ఎక్కువ ప్లాస్టిక్ వస్తువుల్లో 0.1 శాతం హద్దు వచ్చింది. కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం ప్రకారం 2030 నుంచి సెలైన్ సంచుల్లో డీఈహెచ్‌పీ ఉండకూడదు. 1970లో తెలిసిన సంగతికి అరవయ్యేళ్లకు దొరికే జవాబు అది. మరోవైపు ఒకదాన్ని తీసేస్తే దాని చుట్టం వచ్చి కూర్చుంటుంది. డీఈహెచ్‌పీ బదులు వాడిన డీఐఎన్‌పీని అమెరికా 2017లో పిల్లల వస్తువుల్లో శాశ్వతంగా నిషేధించాల్సి వచ్చింది. ఒక్కొక్క పేరునే పట్టుకుని నిషేధిస్తూపోతే ప్రతిసారీ ఒక తరం పిల్లలు, ఒక తరం పనివాళ్లు పరీక్షకు గురవుతారు.

ఈలోగా జాగ్రత్త అంతా తల్లి మీద పడుతుంది. ఏ డబ్బా కొనాలి, ఏ బొమ్మ కొనకూడదు, లేబులు వెనక ఏముంది. నేను చదువుకున్నదాన్ని, జీతమున్నదాన్ని, చెక్కబొమ్మ కొనగలను. తోపుడుబండి దగ్గర ముప్పై రూపాయల బొమ్మ కొనే తల్లి అజాగ్రత్తగా ఉందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. అది ఆమె తప్పిదం కాదు, కొలవాల్సినవాళ్లు కొలవకపోవడం.

చిన్నమ్మకు ఆ షెడ్డులో పనిచేసిన రోజుల్లో రెండుసార్లు గర్భం నిలవలేదు. దానికి ఆ నూనే కారణమని నేను చెప్పలేను. చెప్పడానికి ఆధారం కావాలి. ఆమె రక్తాన్నిగానీ మూత్రాన్నిగానీ, ఆ షెడ్డు గాలినిగానీ ఎవరూ పరీక్షించలేదు. అక్కడ పనిచేసింది ఎనిమిదిమంది. కరెంటుతో నడిచే చోట పదిమందికన్నా తక్కువుంటే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం లెక్కలోకే వచ్చేది కాదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ఫ్యాక్టరీ నిర్వచనంలో ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. బొమ్మలో 0.1 శాతాన్ని కొలవగల దేశానికి ఆ బొమ్మ అంచు కోసిన ఎనిమిదిమందిని లెక్కపెట్టడం కష్టమైంది.

ఈ వ్యాసం రాసేముందు చిన్నమ్మకు ఇదంతా చదివి వినిపించాను. కొత్త చట్టం గురించి, ఐఎస్ఐ గుర్తు గురించి శ్రద్ధగా విన్నది. తర్వాత అడిగింది: "బొమ్మకు పరీచ్చ వెట్టిన్రు, మంచిదే. మరి మా చేతులకెందుకు వెట్టలే బిడ్డా?"

ఆ ప్రశ్న నా దగ్గరే ఉంచుకోవడానికి కాదు. ప్యాడ్ల ప్రమాణాల గురించి, చిన్న షెడ్లలో పనిచేసే స్త్రీల ఆరోగ్య పరీక్షల గురించి మన సంఘాలు, మన పత్రికలు అడగాల్సిన ప్రశ్న అది. ఆత్మకథ రాసుకోని స్త్రీల శరీరాల్లో ఎంత చరిత్ర ఉందో మనం ఇంకా చదవలేదు.