చర్చి మెట్ల దగ్గర ఆగిపోయే మూడు చక్రాల బండి

దళిత క్రైస్తవ చరిత్ర రాసినవాళ్లు తరచూ ప్రస్తావించే పేరు డిట్. సియాల్‌కోట్ దగ్గరి పల్లెలో తోళ్లు కొని అమ్ముకుని బతికిన చూహ్రా కులస్థుడు. 1873లో బాప్తిస్మం తీసుకున్నాడు. పట్నంలోనే ఉండి వాక్యం నేర్చుకోమని మిషనరీలు చెప్పినా వినకుండా ఊరికి తిరిగెళ్లాడు. బంధువుల వెక్కిరింతలు భరించాడు. కొంతకాలానికి భార్యను, కూతురిని, ఇరుగుపొరుగు ఇద్దరిని వెంటబెట్టుకుని దాదాపు 30 మైళ్లు నడిచి మిషన్‌కు వచ్చాడు. పంజాబు దళితులు పెద్దఎత్తున క్రైస్తవంలోకి రావడం అతనితోనే మొదలైంది. అతనికి ఒక కాలు కుంటి అని మిషన్ రికార్డులోనే ఉంది. అతని కులం గురించి ఎంతో చర్చించిన మనం ఆ కాలు గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టాం.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం, షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. క్రైస్తవులమని రాయించుకున్న దళితులు ఈ రెండో అంకెలోకి రారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్లను ఎస్సీలుగా గుర్తించదు కాబట్టి వాళ్ల వైకల్యం లెక్క విడిగా దొరకదు. (మేము ‘దివ్యాంగులు’ అనే మాట వాడటం లేదు. హక్కు అడిగేవాళ్లకు దివ్యత్వం అంటగడితే బాధ్యత తప్పుతుంది.)

ఇక పల్లె చర్చి సంగతి. మాలపల్లె, మాదిగపల్లె చాలా ఊళ్లలో పల్లంలోనే ఉంటాయి. వాన నీళ్లు లోపలికి రాకుండా పునాది ఎత్తుగా వేస్తారు, స్థలమేమో రెండు మూడు సెంట్లు. ర్యాంపు వాలు 1:12 ఉండాలి, అంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. అడుగున్నర పునాదికి 18 అడుగులు కావాలి. గుమ్మానికీ వీధికీ మధ్య అంత జాగా ఎక్కడిది? ఊరికి దూరంగా, పల్లంలో, ఇరుకు జాగా ఇచ్చింది కులం. ఆ ఇరుకే ఇప్పుడు వికలాంగుల దారికి అడ్డం. అలాగని చేయలేనిదేమీ కాదు. గోడ వెంబడి మలుపు తిప్పి ర్యాంపు కట్టొచ్చు, పక్క గుమ్మం తెరవొచ్చు. స్లాబుకూ సౌండ్ సిస్టంకూ చందాలు వసూలు చేయగలిగిన కమిటీ దీనికీ చేయగలదు. పెన్షన్ డబ్బులో దశమభాగం తీసుకునే సంఘానికైతే డబ్బుల్లేవని చెప్పే హక్కు లేదు.

మెట్లు దాటాక చెప్పుల సమస్య. మన చర్చిల్లో చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటాం. కాలిపర్లు వేసుకున్నవాళ్లకు బూటు కాలికి బిగించి ఉంటుంది. విప్పితే నడవలేరు. మూడు చక్రాల బండి బయటే ఆపి, చేతుల మీద పాకుతూ లోపలికి వచ్చేవాళ్లున్నారు. చక్రాలు తుడవడానికి ఒక తడిగుడ్డ, కింద కూర్చోలేనివాళ్లకు వెనక మూలన కాకుండా అందరి మధ్య నాలుగు కుర్చీలు చాలు. రొట్టె, ద్రాక్షారసం కోసం ముందుకొచ్చి మోకరించాలనే నియమం ఉన్నచోట పాస్టరు గారే దిగి వాళ్ల దగ్గరికి వెళ్లాలి, చివర్లో కాదు, వరసలోనే.

కష్టమైనది ప్రసంగం. ‘ఆత్మీయ గుడ్డితనం’, ‘పాపమనే కుష్ఠు’ అని వారం వారం వింటాం. అంధులు, కుష్ఠు నయమైనవాళ్లు ఆ చాపల మీదే ఉంటారు. స్వస్థత సభల్లో నయం కాకపోతే విశ్వాసం చాలలేదంటారు. పూర్వజన్మ కర్మ వల్లే ఈ కులంలో పుట్టామనే మాటను కాదని మనవాళ్లు చర్చికి వచ్చారు. అదే కర్మ ఇక్కడ పాపం పేరుతో వికలాంగుల మీద పడుతోంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాడి గురించి శిష్యులు అడిగిందీ ఇదే. అతనిదీ, తల్లిదండ్రులదీ పాపం కాదని యేసు స్పష్టంగానే చెప్పాడు. అమెరికా వేదాంతి నాన్సీ ఐస్లాండ్ 1994లో రాసిన ‘ది డిజేబుల్డ్ గాడ్’ పుస్తకం ఇంకో అడుగు ముందుకేసింది. పునరుత్థానం తర్వాత కూడా గాయాలు మానని చేతులు చూపించిన క్రీస్తే వికలాంగుడైన దేవుడని ఆమె వాదన. దళిత వేదాంతం చదివే విద్యార్థులు ఆ పుస్తకం పక్కన పెట్టుకుంటే మంచిది.

వినికిడి లేనివాళ్ల సంగతి చర్చిలకు ఇంకా తట్టనే లేదు. పాటల వరసలు తెరమీద వేసే చర్చిలు ప్రసంగాన్ని సైగల భాషలో చెప్పించే ఆలోచన చేయవు.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. వికలాంగుల హక్కుల చట్టం-2016 ‘ప్రజా భవనం’ నిర్వచనంలో మతపరమైన కార్యక్రమాలకు వాడే ప్రైవేటు భవనాలనూ చేర్చింది. 44వ సెక్షన్ ప్రకారం నిబంధనలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు. పాత భవనాలను ఐదేళ్లలో మార్చాలని 45వ సెక్షన్ చెప్పింది. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి కాబట్టి ఆ గడువు 2022తోనే ముగిసింది. ఆ నియమాల్లో ప్రమాణాల గురించిన 15వది సలహాలా ఉందే తప్ప కచ్చితంగా లేదని, చట్టానికి విరుద్ధమని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. మొదటి ఉల్లంఘనకు జరిమానా 10 వేల రూపాయల వరకు, ఆ తర్వాతివాటికి 50 వేల నుంచి 5 లక్షల దాకా ఉంటుంది. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కొత్తగా పునాది తీస్తున్న చర్చి మీ ఊళ్లో ఉంటే, ప్లాను పంచాయతీకి వెళ్లకముందే కమిటీని కలవండి. కట్టాక పగలగొట్టడం కంటే అప్పుడు ఖర్చు తక్కువ.