సర్పగంధ: ఒక హకీం పేరు నిలిపిన వేరు

ఈ రోజుల్లో బి.పి. మాత్ర వేసుకునే పెద్దవాళ్ళు లేని ఇల్లు అరుదు. అయితే బి.పి.కి తొలినాళ్ళలో వచ్చిన మందుల్లో ఒకటి మన దేశపు మొక్క వేరులో నుంచే వచ్చిందనీ, ఆ వేరులోని మరో పదార్థానికి ఒక హకీం గారి పేరున్నదనీ మనలో చాలామందికి తెలియదు. ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను.

ఆ మొక్క సర్పగంధ. యునానీలో అస్రోల్ అంటారు. గన్నేరు, బిళ్ళగన్నేరుల కుటుంబానికి చెందినది. చిన్న మొక్క. కణుపుకు మూడు నాలుగు ఆకులు, ఎర్రని కాడల మీద గుత్తులుగా తెల్లని పూలు. వేరు కటిక చేదు. నిద్ర పట్టనివారికీ, మతి చలించినవారికీ ఆ వేరునే ఇచ్చేవారు. బీహారులో దానిని ‘పాగల్ కీ దవా’ అనే పిలిచేవారు. శాస్త్రజ్ఞులు ఈ జాతికి పెట్టిన రౌవోల్ఫియా అనే పేరు 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రౌవోల్ఫ్‌ది. ఆయన 1573లో బయలుదేరి అలెప్పో, బాగ్దాదు తిరిగి మూలికలు సేకరించాడు. హిందూస్థానం దాకా మాత్రం రాలేదు.

ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ (1868–1927) పేరు వినని వారుండరు. జాతీయోద్యమ నాయకులు, జామియా మిల్లియాకు తొలి ఛాన్సలర్. ఆయన స్థాపించిన ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలను 1921లో గాంధీజీ ప్రారంభించారు. తాతముత్తాతల నాటి నుస్ఖాలను దాచుకుంటే ఏం లాభం, పరీక్షకు పెట్టాలన్నది హకీం సాహెబ్ పట్టుదల. ఆయన సలహా మీదనే, జర్మనీలో రసాయన శాస్త్రం చదివి వచ్చిన సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ కళాశాలలో పరిశోధనశాల నెలకొల్పారు.

1931లో సిద్దిఖీ, తన సహచరునితో కలిసి సర్పగంధ వేరు నుంచి అయిదు ఆల్కలాయిడ్లను వేరుచేశారు. అప్పటికి హకీం సాహెబ్ కన్నుమూశారు. ఆయన జ్ఞాపకార్థం వాటిలో ఒకదానికి ‘అజ్మలిన్’ అని పేరు పెట్టారు. గుండె లయ తప్పే జబ్బుల్లో వైద్యలోకం దానిని వాడుకున్నది. శిష్యుడు గురువుకు కట్టిన సమాధి అంటే ఇదీ!

అదే సంవత్సరం కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ గార్లు ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని ఇంగ్లండు గుండె వైద్య పత్రికలో ప్రకటించాకనే పాశ్చాత్యులు కళ్ళు తెరిచారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు అసలు పనిచేసే పదార్థం రిసర్పిన్‌ను వేరుచేశారు. నరాల చివర నిలవ ఉండే నోరడ్రినలిన్, సెరటోనిన్ వంటి పదార్థాలను ఇది ఖాళీ చేస్తుంది. అందువల్ల రక్తనాళాలు సడలి పోటు తగ్గుతుంది, మనసు నెమ్మదిస్తుంది. ఎక్కువ బి.పి.ని తగ్గిస్తే ప్రాణాలు దక్కుతాయని అమెరికాలో 1967లో రుజువు చేసిన ప్రసిద్ధ పరీక్షలో వాడిన మూడు మందుల్లో రిసర్పిన్ ఒకటి.

అయితే సోదరులారా, దీనికి రెండో ముఖం కూడా ఉన్నది. మోతాదు మించితే ముక్కు దిబ్బడ, మగత, తీవ్రమైన దిగులు కలుగుతాయి. అందుకే ఇంతకంటే మేలైన మందులు వచ్చాక దీని వాడకం తగ్గింది. పాము కాటుకు పనిచేస్తుందని పేరేగానీ విషానికి ఇది విరుగుడు కాదు, ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. పైగా వేరు కోసం మొక్కనే పెకలించడం వల్ల అడవుల్లో సర్పగంధ తరిగిపోయింది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మనలో కొందరు ‘ఇంగ్లీషు మాత్రలు వేడి చేస్తాయి’ అని డాక్టరుకు చెప్పకుండానే మానేసి, బజార్లో పొడి కొని మింగుతున్నారు. పక్షవాతం వచ్చాక ఏడ్చి ఏం లాభం? మరికొందరు హకీం వైద్యమంటేనే నవ్వుతున్నారు. ఇద్దరిదీ పొరపాటే. అజ్మల్ ఖాన్ సాహెబ్ రెండు దారులూ తొక్కలేదు. తన మూలికను తానే పరీక్షకు పెట్టించారు. మన పిల్లల్లో ఒక్కరైనా సిద్దిఖీలా చదివి తాతల నుస్ఖాను ప్రయోగశాలకు చేరిస్తే, అదే ఆ మహనీయునికి మనం చేసే నిజమైన దువా.