పొరుగున ఉన్న రాజధాని – పెనుకొండలో చూచి తీరవలసిన చారిత్రక స్థలాలు

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. దూరపు కొండలు నునుపు అని కూడా అంటారు. చరిత్రను చూచే విషయంలో ఈ రెండు సామెతలూ మనవారికి చక్కగా వర్తిస్తాయి. చైనా దేశంలోని షియాన్ నగరానికి ఏటా ప్రపంచం నలుమూలల నుంచి యాత్రికులు వెళుతుంటారు. ఆ నగరం చుట్టూ ఉన్న కోటగోడ మింగ్ వంశపు తొలి చక్రవర్తి కాలంలో, 1370వ దశకంలో నిర్మితమైనది. దాని చుట్టుకొలత సుమారు 14 కిలోమీటర్లు. 1983 నుంచి అక్కడి ప్రభుత్వం దానిని శ్రద్ధగా బాగుచేయించింది. నేడు యాత్రికులు ఆ గోడ మీద సైకిళ్లపై తిరుగుతూ నగరాన్ని చూస్తారు.

ఆ గోడ లేవకముందే లేచిన కోట ఒకటి మన రాయచెర్లుకు తూర్పు దిక్కున ఉన్నది. విజయనగర సామ్రాజ్యానికి అది రెండవ రాజధాని. పేరు పెనుకొండ. పావగడ తాలూకా నుంచి రొద్దం మీదుగా వెళితే, పొద్దున బయలుదేరినవారు సాయంత్రానికి తిరిగి ఇల్లు చేరవచ్చును. అయినా పుట్టపర్తికీ, లేపాక్షికీ వెళ్లినంతమంది ఆ ఊరిలో ఆగరు. రైలులో, బస్సులో పోతూ కిటికీ నుంచి కొండను చూచి, "అదిగో పెనుకొండ" అనుకొని సాగిపోయేవారే ఎక్కువ. అక్కడ ఆగితే కనిపించేదేమిటో విద్యార్థులకూ వారి తల్లిదండ్రులకూ తెలియజెప్పడం అవసరం.

కోట – ద్వారాలు

పెనుకొండ అంటే పెద్ద కొండ. సంస్కృతంలో దీనిని ఘనగిరి అన్నారు. సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున్న ఈ కొండ పాదాన పాత పట్టణం, దాని చుట్టూ కోటగోడలు, కొండపైన మరికొన్ని కట్టడాలు ఉన్నాయి. ఉత్తరపు ద్వారం వద్దనున్న శాసనం ఈ కోట పుట్టుకను తెలుపుతుంది. మొదటి బుక్కరాయలు పెనుకొండ రాజ్యాన్ని తన కుమారుడు విరుపణ్ణ ఒడయరుకు అప్పగించగా, ఆయన కాలంలో, అనగా 1354 ప్రాంతంలో కోట నిర్మాణం జరిగింది. అప్పటికి విజయనగర రాజ్యం స్థాపితమై ఇరువది సంవత్సరాలైనా కాలేదు. అంత తొందరలోనే ఇక్కడ కోట కట్టించారంటే, ఈ కొండకు వారిచ్చిన ప్రాధాన్యం ఎంతటిదో ఊహించవచ్చును.

ఎర్రమంచి ద్వారంలో సుమారు 11 అడుగుల ఆంజనేయ విగ్రహం ఉన్నది. దుర్గద్వారాలలో హనుమంతుని నిలపడం విజయనగర కాలపు ఆచారం. కాపలా సైనికుడు మారినా, రాజు మారినా, వంశమే మారినా ఆ స్వామి మాత్రం ద్వారం విడువలేదు. ద్వారం దాటేటప్పుడు తిన్నగా వెళ్లిపోక, దారి ఎన్ని మలుపులు తిరుగుతున్నదో విద్యార్థులు గమనించాలి. ఏనుగులు వేగంగా వచ్చి తలుపులను ఢీకొనకుండా కోటల్లో ఇటువంటి మలుపులను ఏర్పరచేవారు.

నీరు – రాజధర్మం

పెనుకొండ గొప్పదనాన్ని చెప్పే ఒక ముఖ్యమైన శాసనం పెనుకొండలో లేదు. అది నేటి కర్ణాటకలోని గౌరిబిదనూరు తాలూకాలో ఉన్నది. 1388 నాటి ఆ శాసనం ప్రకారం, హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి పాలించే రోజుల్లో, ప్రజలు సుఖంగా ఉండాలంటే నీరే ఆధారమని తలచి, జలవిద్యలో నిపుణుడైన సింగాయభట్టును పిలిపించాడు. హెన్నె నదిని పెనుకొండకు తీసుకురమ్మని ఆజ్ఞాపించాడు. ఆ హెన్నె నదే మన పెన్న, ఉత్తర పినాకిని. సింగాయభట్టు సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టాడు.

పావగడ తాలూకా పిల్లలకు ఈ శాసనం విలువ వేరుగా వివరించనక్కరలేదు. వానకై ఎదురుచూడటం, ఫ్లోరైడు కలిసిన బోరు నీళ్లతో బాధపడటం వారికి బాగా తెలుసు. నందికొండల్లో పుట్టిన పెన్న హిందూపురం వైపు వెళ్లి, రొద్దం దాటి, మన తాలూకాలోని నాగలమడికె పక్కగా ప్రవహించి, మళ్లీ ఆంధ్రలోకి పోతుంది. పెనుకొండకు వెళ్లే ప్రయాణికుడు ఈ నదిని దాటే వెళ్లాలి. చాలా కాలం అది ఇసుకపాయగానే కనిపిస్తుంది. ఆరు వందల ఏండ్లకు పూర్వం ఒక రాజకుమారుడు అదే నదిని మళ్లించి ఊరికి నీరు తేదలచాడని, ఆ పని చేసిన ఇంజనీరు పేరును రాతిపై చెక్కించాడని తెలిసినప్పుడు ఆ ఇసుకను చూచే చూపు మారుతుంది. పెనుకొండ చెరువు గట్టు మీద కాసేపు నిలబడి ఈ సంగతి తలచుకోవాలి.

పక్కపక్కన దేవళాలు

విజయనగర రాజులకు ముందే పెనుకొండ జైనులకు పేరుపొందిన విద్యాపీఠం. ఢిల్లీ, కొల్హాపురం, జినకంచి, పెనుకొండ అను నాలుగింటిని జైన సంప్రదాయం ముఖ్య పీఠాలుగా చెప్పుకొన్నది. ఇక్కడి పార్శ్వనాథస్వామి ఆలయంలో పచ్చని ఛాయ గల రాతి విగ్రహం ఉన్నది. అందుచేతనే స్వామిని పచ్చె పార్శ్వనాథుడంటారు. తలపై పడగ పట్టిన సర్పంతో నిలిచిన ఆ మూర్తి ప్రశాంతత చూచి తీరవలసినది.

పట్టణం నడుమ రామాలయం, శివాలయం ఇరుగుపొరుగు ఇండ్లవలె ఉన్నాయి. రామాలయపు గోడల మీద రామాయణ ఘట్టాలను, కృష్ణలీలలను చిన్న చిన్న శిల్పాలుగా మలిచారు. శివాలయపు గోడల మీద శివకథలు ఉన్నాయి. ప్రదక్షిణంగా నడుస్తూ ఒక్కొక్క శిల్పాన్ని పోల్చుకోవడం పిల్లలకు మంచి పాఠం. అక్షరం రానివారికి ఆనాడు ఈ గోడలే పుస్తకాలు.

ఆ సమీపాననే షేర్‌ఖాన్ మసీదు ఉన్నది. నల్లని ఆకుపచ్చ ఛాయ గల రాతితో కట్టిన ఈ కట్టడంలో విజయనగర శిల్పుల పనితనపు జాడలు కనిపిస్తాయి. ఆలయాన్ని చెక్కిన చేతుల వారసులే మసీదు రాళ్లనూ చెక్కారని చూపరులకు తోచకమానదు.

పెనుకొండకు దూరదేశాల నుంచి కూడా భక్తులను రప్పించేది బాబయ్యస్వామి దర్గా. బాబా ఫక్రుద్దీన్ తిరుచిరాపల్లిలోని నత్తర్‌వలీకి శిష్యుడని ప్రతీతి. గురువు ఆయనకు ఒక పంటిపుల్ల ఇచ్చి, ఏ చోట నాటితే అది చిగురిస్తుందో ఆ చోటనే స్థిరపడమన్నాడట. ఆ పుల్ల పెనుకొండలో చిగురించిందని భక్తులు నమ్ముతారు. ఏటా జరిగే ఉరుసుకు ముస్లిములతోపాటు హిందువులూ తరలివస్తారు. ఎక్కడినుంచో వచ్చిన ఎండుపుల్ల ఈ నేలలో చిగురించిందన్న ఆ కథలో పెనుకొండ స్వభావమంతా ఇమిడి ఉన్నది.

గగనమహలు

పెనుకొండలో రాజరికపు గుర్తుగా మిగిలిన ముఖ్యమైన కట్టడం గగనమహలు. రెండంతస్తుల భవనం. కింద కమానులతో కూడిన మంటపం, లోపల మెట్లదారి, పైన గదులు, వాటిపై గుడి శిఖరంవలె అంచెలంచెలుగా లేచిన బురుజు ఉన్నాయి. కమానులు సుల్తానుల కట్టడాలను గుర్తుకు తెస్తాయి. శిఖరం దేవాలయాలను గుర్తుకు తెస్తుంది. యుద్ధరంగంలో శత్రువులైన రెండు రాజ్యాల వాస్తుకళలు ఈ భవనంలో సామరస్యంగా కలిసిపోయాయి. కృష్ణదేవరాయలు వేసవిలో ఇక్కడ విడిది చేసేవాడని స్థానికులు చెప్పుకొంటారు.

1565 జనవరిలో రాక్షసి–తంగడి యుద్ధంలో అళియ రామరాయలు హతుడు కాగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు హంపీ విడిచి, సదాశివరాయలను వెంటబెట్టుకొని పెనుకొండకు చేరాడు. రాజధాని ధనరాసులను 550 ఏనుగులపై తరలించారని రాబర్ట్ సీవెల్ 1900లో ప్రకటించిన తన గ్రంథంలో రాశాడు. ఏనుగుల లెక్క ఎట్లున్నా, ఓడిన సామ్రాజ్యానికి తలదాచుకొన చోటిచ్చినది ఈ కొండయే. సుమారు 1570లో తిరుమలరాయలు ఇక్కడ పట్టాభిషిక్తుడై అరవీటి వంశపాలనను ప్రారంభించాడు. రామరాజభూషణుడు తన వసుచరిత్రను అంకితమిచ్చినది ఈ తిరుమలరాయలకే. రాజ్యం కుంగిపోతున్న వేళ తెలుగు ప్రబంధకవిత్వం పెనుకొండ ప్రభువుకు అంకితమై నిలవడం గమనించదగినది.

తరువాత బీజాపూరు, గోల్కొండ సేనలు పలుమారులు ఈ కోటను ముట్టడించాయి. కోటను కాపాడిన వీరులలో జగదేవరాయలు ప్రసిద్ధుడు. ఆయనకు ప్రతిఫలంగా లభించిన జాగీరు నేటి కర్ణాటకలోని చన్నపట్టణం. రెండవ వేంకటపతిరాయల కాలంలో రాజధాని చంద్రగిరికి, అటుతరువాత వేలూరుకు మారింది. పెనుకొండ వెలుగు క్రమంగా తగ్గిపోయింది.

తిమ్మరుసు చెర

మహామంత్రి తిమ్మరుసును బంధించినదిగా చెప్పే కట్టడాన్నీ, ఆయన సమాధిగా చెప్పే చోటునూ ఇక్కడ చూపుతారు. తన బాలకుమారుడు తిరుమలదేవరాయని మరణానికి మంత్రి కుటుంబమే కారణమని కృష్ణదేవరాయలు అనుమానించి, తిమ్మరుసు కన్నులు తీయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అది పెనుకొండలోనే జరిగిందనేది మాత్రం జనశ్రుతి. శాసనం చెప్పినది ఒకటి, విదేశీయుడు విని రాసినది ఒకటి, ఊరివారు తరతరాలుగా చెప్పుకొనేది ఒకటి. ఈ మూడింటినీ వేరు చేసి చూడటమే చరిత్ర విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠం. ఆ పాఠానికి ఈ చీకటి గదికంటె తగిన తరగతిగది దొరకదు. ఆనాటి నిజం ఏదైనా, రాజ్యాన్ని నిలబెట్టిన వృద్ధ మంత్రిని ఊరివారు ఇన్ని తరాలుగా మరువలేదు. అది మాత్రం కళ్లెదుట కనిపించే నిజం.

కొండ మీదికి

ఓపిక ఉన్నవారు కొండ ఎక్కి లక్ష్మీనరసింహస్వామిని దర్శించాలి. దారిలో పాడుపడిన గోడలు, బురుజులు కనిపిస్తాయి. శీతకాలపు ఉదయం ఇందుకు అనువైనది. తాగే నీరు వెంట తీసుకుపోవాలి. పిల్లలు ఒంటరిగా గోడల అంచులకు పోరాదు. పైనుంచి పడమటికి చూస్తే కొండల వరుసలు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. ఆ దిక్కుననే మన తాలూకా ఉన్నది.

అక్కడ నిలబడితే సరిహద్దు ఎక్కడున్నదో ఎవరూ చూపలేరు. అది కొండలు గీచినది కాదు, నది గీచినదీ కాదు. 1799లో టిప్పు సుల్తాన్ పతనమైన తరువాత విజేతలు రాజ్యాన్ని పంచుకొన్నారు. పావగడ మైసూరు ఒడయర్ల పాలన కిందికి వచ్చింది. పెనుకొండ సీమ నిజాముకు దక్కి, 1800లో దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. 1956లో రాష్ట్రాలు ఏర్పడినప్పుడు పాత గీతే ఇంచుమించు నిలిచింది. 2022 నుంచి పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. కోట వయస్సు ఆరున్నర శతాబ్దాలు దాటింది. సరిహద్దు వయస్సు ఇంకా రెండున్నర శతాబ్దాలైనా కాలేదు. కన్నడ రాజ్య రమారమణుడని కీర్తి పొందిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను తెలుగులో రచించాడు. కన్నడనాట తెలుగులో చదువుకొనే విద్యార్థి ఈ రెండు భాషలలో ఏది తనదని ఎవరైనా అడిగితే తడబడనక్కరలేదు. రెండూ తనవే.

మిగిలినది, మిగలవలసినది

2019లో ఎర్రమంచి వద్ద కొరియా దేశపు కియా కార్ల కర్మాగారం ప్రారంభమైనప్పటినుంచి పెనుకొండ పేరు మళ్లీ దేశమంతటా వినిపిస్తున్నది. అది సంతోషించవలసిన విషయమే. కాని ఎర్రమంచి అనగానే కర్మాగారంతోపాటు ఎర్రమంచి ద్వారం కూడా గుర్తుకు రావాలి. ఒకప్పుడు ఇక్కడ 365 ఆలయాలుండేవని ఊరివారు చెబుతారు. ఆ సంఖ్య నిజమైనా కాకపోయినా, నేడు మిగిలినవి కొద్ది. ఈ సీమలో నిధుల ఆశతో గుడుల పునాదులు తవ్వినవారున్నారు. శాసనపు రాళ్లను గడపలుగా, బట్టలుతికే బండలుగా వాడినవారున్నారు. శిల్పాల మీద తమ పేర్లు చెక్కి పోయే యాత్రికులకూ కొదువ లేదు.

షియాన్ గోడ నిలిచినది దాని రాళ్ల గట్టిదనం వలన మాత్రమే కాదు, ఆ ఊరివారు అది తమదని తలచినందువలన. పెనుకొండకు విహారయాత్రగా వెళ్లే ప్రతి తరగతీ ఒక శాసనాన్నో, ఒక ద్వారాన్నో ఎంచుకొని, దాని కొలతలు తీసి, బొమ్మ గీచి, విన్నదీ కన్నదీ వేరువేరుగా రాసి బడిలో భద్రపరిస్తే, రేపు ఆ రాయి కనబడకపోయినా దాని జాడ మిగులుతుంది. తిరుగు ప్రయాణంలో పెన్న వంతెన మీద వాహనాన్ని ఒక్క నిమిషం ఆపించాలి. సింగాయభట్టు అనే ఇంజనీరు ఈ నదిని చూచి కాలువ ఎటు తవ్వాలా అని ఆలోచించినాడని పిల్లలకు చెప్పాలి. వారిలో ఒక్కరైనా ఆ ఇసుకను చూస్తూ అదే ఆలోచనలో పడితే ఆ ప్రయాణం సార్థకమైనట్లే.