జున్ను, చీజు – మన హోసూరు సీమ పాడి



ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తెరిచి చీజు అన్న మాటకు అర్థం వెతకండి. జున్ను అని కనిపిస్తుంది. హోసూరు బేకరీలో పిజ్జా మీద తీగలా సాగే చీజును చూపించి, ఇదే జున్ను అంటే మన అవ్వలు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. వాళ్లదే న్యాయం.

చీజు చేయాలంటే పాలను విరగ్గొట్టాలి. పాశ్చాత్యులు దానికి పాలు మరవని దూడ పొట్టలోని పదార్థాన్ని వాడుతూ వచ్చారు. జున్నుకు అదేమీ అక్కరలేదు. ఈనిన ఆవు తొలి పాలలో మాంసకృత్తులు చాలా ఎక్కువ. బెల్లం, మిరియాల పొడి వేసి ఆవిరి మీద పెడితే వాటంతటవే గడ్డకడతాయి. కన్నడిగులు గిణ్ణు అంటారు. తమిళులు ఆ పాలను సీంబాల్ అంటారు. మూడు భాషల పొలిమేరలో ఉన్న మనకు మూడు మాటలూ తెలుసు.

మరి ఇంత పశుసంపద ఉన్న సీమలో చీజు ఎందుకు పుట్టలేదు? ఆచారం ఒక కారణమే. అంతకన్నా పెద్ద కారణం మన పశువులే అని నా అభిప్రాయం. హళ్ళికారు, ఆలంబాడి జాతులు కాడికీ బండికీ పేరుపడ్డవి. పాలు కొద్ది. దూడ తాగగా మిగిలింది ఇంటి మజ్జిగకు చాలితే గొప్ప. నిలవచేయడానికి పాలేవీ?

మైసూరు రాజులకూ కావలసింది ఎద్దుల సత్తువే. చిక్కదేవరాజ ఒడెయరు నాటి బెణ్ణె చావడికి, అంటే వెన్న శాఖకు, టిప్పు అమృతమహల్ అని పేరుపెట్టి, ఆ ఎద్దులతో ఫిరంగులు లాగించాడు. 1792లో బారామహలు, 1799లో హోసూరు కుంపిణీ వశమయ్యాయి. తర్వాత మత్తిగిరిలో సైన్యానికి గుర్రాలను సిద్ధం చేసే కేంద్రం వెలిసింది. ఆ నేలే కాలక్రమాన పశువుల ఫారమయింది.

పాల వరద వచ్చింది 1970లో మొదలైన శ్వేతవిప్లవంతోనే. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులు కొట్టాల్లోకి వచ్చాయి. సొసైటీ క్యాన్లు నిండాయి. బెంగళూరులో ఇటలీ పద్ధతి మొజరెల్లా చేసే క్రైస్తవ మఠం కూడా వెలిసింది. అక్కడి దుకాణాల్లో నేడు రకరకాల చీజులు దొరుకుతున్నాయి. మన పల్లెల్లో ఎద్దులు తగ్గాయి, ఆలంబాడి ఆవు అరుదయింది.

అయితే ఒకటి గమనించండి. ఈనిన తొలి రోజుల పాలను సొసైటీ తీసుకోదు, కాస్తే విరిగిపోతాయి గనుక. అందుకే ఇంకా కొన్నాళ్లు ఆ పాలు ఇంటివే, ఇరుగుపొరుగువే. మా వీధిలో జున్నుపాలకు ధర కట్టేవారు కాదు, చెంబుతో పంచేవారు. ఇప్పుడు పట్నంలో వాటికీ గిరాకీ వచ్చింది. ఆ ఆశతో తొలిపూట పాలు పిండి అమ్మేసేవారున్నారు. అది తప్పు. దూడకు రోగనిరోధక శక్తి వచ్చేది ఆ పాలతోనే. మొదటి కొన్ని గంటల్లో తాగితేనే అది బాగా ఒంటబడుతుంది, ఒక రోజు దాటితే ఇక పట్టదు.

మా అవ్వ ఈ శాస్త్రం చదువుకోలేదు. "ముందు దూడ కడుపు నిండనీరా, నీ జున్ను ఎక్కడికీ పోదులే" అనేది. మాకు జున్ను దొరికేది రెండో రోజునే.