భద్రతా సమితి యెదుట హైదరాబాదు

ఒక దేశముపై అన్యసేనలు దండెత్తినపుడు తక్కిన ప్రపంచము దానికి బాసటగా నిలువవలెనా, దండెత్తినవారిని సమాధానము చెప్పుమని నిలదీయవలెనా అను ప్రశ్న నేడు పుట్టినది కాదు. 1936 జూన్ 30వ తేదీన ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీ జెనీవాలో నానాజాతి సమితి యెదుట నిలిచి, ఇటలీ తన ప్రజలపై విషవాయువులను ప్రయోగించిన తీరును వివరించెను. సమితి వినెను. మరుమాసముననే ఇటలీపై విధించిన ఆర్థిక నిర్బంధములను తొలగించెను. అట్టి వైఫల్యముల పిమ్మట, ఒక ప్రపంచయుద్ధము ముగిసిన వెనుక, 1945లో ఐక్యరాజ్య సమితి యేర్పడినది. మూడేండ్లు గడచునంతలో తెలుగుసీమకు సంబంధించిన వివాదమొకటి దాని భద్రతా సమితి వాకిట నిలిచినది.

పోలీసు చర్య యను మాట తెలుగు ఇండ్లలో సుపరిచితము. జంషెడ్‌పూరులోని అగ్రికోవంటి దూరప్రాంతపు వాడలలో పెరిగిన తెలుగు పిల్లలకు సైతము అది తాతల నోట విన్నమాటయే కావచ్చును. కాని సేనలు హైదరాబాదు వైపు సాగుచున్న దినములలోనే ఆ విషయము పారిస్ నగరమున చర్చకు వచ్చెనను సంగతి అంతగా ప్రచారములో లేదు.

నాటి హైదరాబాదు సంస్థానము వైశాల్యము సుమారు 82 వేల చదరపు మైళ్లు. జనసంఖ్య కోటి అరువది లక్షలకు పైబడినది. పదునారు జిల్లాలలో ఎనిమిది తెలుగు జిల్లాలు. 1947 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వము తొలగిపోగా, నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారతదేశమున చేరక స్వతంత్రుడుగా నుండదలచెను. నవంబరు 29న ఉభయపక్షములకును ఏడాది కాలమునకు యథాతథ ఒడంబడిక కుదిరినది. ఒడంబడిక కాగితముపై నుండగా, గ్రామములలో కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్ల దౌర్జన్యములు పెచ్చు పెరిగినవి. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు విమానములలో రహస్యముగా ఆయుధములను చేరవేయుచుండెను.

1948 ఆగస్టు 21న నిజాము ప్రభుత్వము భద్రతా సమితికి తంతి నంపెను. సభ్యత్వము లేని రాజ్యము సైతము, శాంతియుత పరిష్కారమునకు కట్టుబడినచో, వివాదమును సమితి దృష్టికి తేవచ్చునని శాసనపత్రపు 35వ అధికరణము చెప్పుచున్నది. ఆ యధికరణమే ఫిర్యాదునకు ఆధారము. అయితే ఆ తంతి వెళ్లిన మరునాడే, రజాకార్లను ఖండించుచు వ్రాసిన ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ దుండగుల దాడిలో గాయపడి మరణించెను. ఆగస్టు 27న భైరాన్‌పల్లి గ్రామముపై రజాకార్లును నిజాము సేనలును దాడిచేసి తొంబదిమందికి పైగా గ్రామస్థులను బలిగొనిరి. ప్రపంచమును రక్షణ కోరిన ప్రభుత్వము తన ప్రజలకు రక్షణ యీయలేకపోయెను.

సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారతసేనలు సంస్థానములో ప్రవేశించెను. 16వ తేదీన పారిస్‌లో భద్రతా సమితి సమావేశమయ్యెను. హైదరాబాదు పక్షమున మొయిన్ నవాజ్ జంగ్, భారతదేశ పక్షమున ఆర్కాటు రామస్వామి మొదలియారు వాదించిరి. హైదరాబాదు రాజ్యమే కాదనియు, ఇది భారతదేశపు ఆంతరంగిక విషయమనియు, కావున దీనిని విచారించు అధికారము సమితికి లేదనియు మొదలియారు వాదము. అయినను పదునొకండుగురు సభ్యులలో ఎనమండుగురు విషయమును చర్చకు స్వీకరింపవలెననిరి. సోవియట్ యూనియన్, యుక్రెయిన్, చైనా తటస్థముగా నుండెను. వ్యతిరేకించినవారు లేరు.

సమితి చర్చకు తీసికొనుటకును యుద్ధము ముగియుటకును నడుమ ఒక్కరోజే వ్యవధి. 17న నిజాము కాల్పుల విరమణకు ఆజ్ఞాపించెను. 18న సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయెను. 22న నిజాము తన ఫిర్యాదును ఉపసంహరించుకొనుచున్నట్లు సమితికి తెలిపెను. ఆ తంతి స్వేచ్ఛగా నిచ్చినదా, లొంగిన ప్రభువు చేత నిప్పించినదా యను సందేహము కొందరు ప్రతినిధులకు తీరలేదు. 1949 మేలో మరల చర్చ జరిగి, పాకిస్తాను ప్రతినిధి జఫ్రుల్లా ఖాన్ తన వాదమును వినిపించెను. తీర్మాన మేదియు వెలువడలేదు.

అంతర్జాతీయ సభ తీర్పు చెప్పలేదు గనుక జవాబుదారీ ప్రశ్న ఇంటివారికే మిగిలినది. కాసిం రజ్వీ విచారింపబడి శిక్షితుడై 1957లో విడుదలపొంది పాకిస్తాను చేరెను. ప్రధానమంత్రి లాయక్ అలీ గృహనిర్బంధమునుండి 1950లో తప్పించుకొనిపోయెను. సేనలు ప్రవేశించిన పిమ్మట ముస్లిములపై జరిగిన ప్రతీకార హత్యలను పరిశీలించుటకు పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నియమితులైరి. వారు నవంబరు, డిసెంబరు నెలలలో తొమ్మిది జిల్లాలలో పర్యటించి, మృతులు 27 వేలనుండి 40 వేలవరకు నుందురని అంచనా వేసిరి. ఆ నివేదిక నప్పుడు ప్రకటింపలేదు. 2013లోగాని అది పరిశోధకులకు అందుబాటులోనికి రాలేదు.

విచిత్రమేమనగా, మనుష్యుల లెక్క మరుగున పడియుండగా ధనము లెక్క మాత్రము న్యాయస్థానములలో నడచుచునే యుండెను. 1948 సెప్టెంబరు 20న సుమారు పది లక్షల పౌనులు నిజాము ప్రభుత్వపు ఖాతానుండి లండన్‌లోని పాకిస్తాను హైకమిషనరు పేరిట చేరెను. నిజాము తిరిగి కోరగా బ్యాంకు చెల్లింపలేదు. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు, అప్పటికి సుమారు మూడున్నర కోట్ల పౌనులైన ఆ సొమ్ము భారతదేశమునకును నిజాము వారసులకును చెందునని తీర్పుచెప్పెను. ఏడుపదుల యేండ్లు గడచినను పౌను లెక్క తప్పలేదు.

ఈ యుదంతమున ఇథియోపియా కథకును హైదరాబాదు కథకును గల భేదము స్పష్టము. ఒకచోట ప్రభువు తన ప్రజలతోపాటు పరదండయాత్రకు బలియయ్యెను. మరియొకచోట ప్రజలలో పెద్దభాగము ప్రభువు పక్షమున లేరు. 1947 ఆగస్టు 7నుండి స్వామి రామానంద తీర్థ నాయకత్వమున స్టేటు కాంగ్రెసువారు సత్యాగ్రహము చేయుచు చెరసాలలకు వెళ్లుచుండిరి. అంతకుముందే తెలంగాణ రైతులు జాగీర్దారులకు, దేశముఖులకు ఎదురు తిరిగియుండిరి. కాని పారిస్‌లో మొయిన్ నవాజ్ జంగ్‌కు మాట్లాడు పీఠము లభించినది. ఆ సత్యాగ్రహులకు గాని, ఆ రైతులకు గాని, సెప్టెంబరు పిమ్మట మరట్వాడా గ్రామములలో తలదాచుకొనుచోటు లేక తిరిగిన ముస్లిము కుటుంబములకు గాని లభింపలేదు. రాజ్యము లెవ్వరివని తేల్చుటకు సభలు గలవు. చచ్చినవారి లెక్కను తేల్చుటకు సభలు ఆలస్యముగానే కూడును. భైరాన్‌పల్లి మృతులను స్మరించువారు సుందర్‌లాల్ నివేదికను కూడ చదివినపుడే ఆ సెప్టెంబరు చరిత్ర సంపూర్ణమగును.