మాల్, జజ్ర్, మా ఆపా హిస్సా



అబ్బా ఇంతెఖాల్ తర్వాత కడపలో మాకు మిగిలింది ఒక ఖాళీ స్థలం. నలుచదరంగా 60 అడుగులకు 60. అమ్మీ అంతకు ముందే పోయింది. వారసులం నేను, ఆపా ఇద్దరమే. షరియత్ ప్రకారం నాకు రెండు హిస్సాలు, ఆపాకు ఒకటి. పెద్దమనిషిగా కూర్చున్న బంధువు ఒకాయన క్షణంలో లెక్క తేల్చేశాడు: "అరవైలో మూడో వంతు ఇరవై. ఒక మూల ఇరవైకి ఇరవై కొలిచి అమ్మాయికి ఇచ్చెయ్యి." నాక్కూడా సరిగ్గానే అనిపించింది. అబద్ధమెందుకు, ఖుషీగా కూడా అనిపించింది.

తాడు పట్టడానికొచ్చిన మేస్త్రీ ఆగిపోయాడు. "భాయ్, మొత్తం స్థలానికి రెండడుగుల నాపరాళ్ళు పరిస్తే తొమ్మిదొందలు పడతాయి. ఆపా ముక్కకు నూరే. తొమ్మిదొందల్లో మూడో వంతు నూరా?"

ఎవరూ మాట్లాడలేదు. భుజం మూడో వంతయితే మురబ్బా (తినేది కాదు, చదరం) తొమ్మిదో వంతవుతుంది. ఆపాకు 133 గజాలు రావాల్సిన చోట 44 గజాలు ఇవ్వబోయాం.

ఆ రాత్రి నాకు అల్-ఖ్వారిజ్మీ గుర్తొచ్చాడు. ఖలీఫా అల్-మామూన్ (813–833) కాలంలో బగ్దాద్‌లో 'అల్-జబ్ర్ వల్-ముఖాబలా' కితాబు రాసినాయన. ఆల్జీబ్రా అన్న పేరు అక్కడిదే. మీరాస్, వసియ్యత్, బట్వారా, తిజారత్, భూమి కొలతలు, కాలువల తవ్వకం, వీటికి పనికొస్తుందనే రాశానని ముందుమాటలో చెప్పుకున్నాడు. కితాబులో పెద్ద భాగం వారసత్వపు లెక్కలే. మనం బడిలో x, y లతో కుస్తీ పడతాం గానీ ఆయన దగ్గర ఒక్క గుర్తూ లేదు, అంతా మాటల్లోనే. వర్గానికి ఆయన పెట్టిన పేరు 'మాల్', అంటే ఆస్తి. వర్గమూలానికి 'జజ్ర్', అంటే చెట్టు వేరు. మన 'మూలం' కూడా వేరే కదా!

ఆయన మషూర్ లెక్క ఇది: ఒక మాల్‌కు పది జజ్ర్‌లు కలిపితే 39. జజ్ర్ ఎంత? జవాబును బొమ్మ గీసి చూపించాడు. భుజం తెలియని చదరం ఒకటి గీయండి. పది జజ్ర్‌లను రెండు సగాలు చేసి, 5 వెడల్పున్న రెండు పట్టీలుగా పక్కపక్క భుజాలకు ఆనించండి. ఇప్పటికి వైశాల్యం 39. మూలలో 5కి 5 ఖాళీ మిగులుతుంది. అక్కడ 25 నింపితే 64, పూర్తి చదరం. దాని భుజం 8. కలిపిన 5 తీసేస్తే జజ్ర్ 3, మాల్ 9. సరిచూసుకోండి: 9, 30 కలిస్తే 39. మూల ఖాళీగా ఉంటే ఏ మేస్త్రీ అయినా బండ వేసి పూడుస్తాడు, ఇదీ అంతే. మైనస్ 13 వేసినా లెక్క కుదురుతుంది. కానీ భుజం మైనస్‌లో ఉండదు గనక ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఋణసంఖ్యలకు సూత్రాలు మన బ్రహ్మగుప్తుడు 628లోనే రాసిపెట్టాడు.

మర్నాడు మళ్ళీ కూర్చున్నాం. ఆపా హిస్సా 1200 చదరపు అడుగులు. చదరంగానే కావాలంటే 1200కి జజ్ర్ తీయాలి: 34 అడుగుల మీద దాదాపు 8 అంగుళాలు, అదీ ఎక్కడా తెగని సంఖ్య. "నాకు చదరమే కావాలని ఎవరన్నారు తమ్ముడూ? వీధి వైపు ఇరవై, లోపలికి అరవై ఇవ్వు, చాలు" అంది ఆపా.

మేస్త్రీ గునియా తేలేదు. తాడుతో ఒక వైపు 6 అడుగులు, ఇంకో వైపు 8 కొలిచి, ఎదురుగా 10 వచ్చేదాకా మేకు జరిపాడు. 36, 64 కలిస్తే 100. మూల కుదిరింది.